ప్రవాహ వేగం – ఉష్ణ బదిలీ: ఇంజను శీతలీకరణలో ఒక పాత అపోహ

కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ ఉన్నది. అందులోని బ్యాడ్‌వాటర్ ప్రాంతం సముద్ర మట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటుంది. అదే లోయలోని ఫర్నేస్ క్రీక్ వద్ద 1913 జూలై 10వ తేదీన 56.7 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత నమోదయింది. ఆ లోయ అడుగు నుండి పడమటికి బయలుదేరిన రోడ్డు ముప్పై కిలోమీటర్ల లోపుననే సుమారు 1500 మీటర్ల ఎత్తున ఉన్న టౌన్ పాస్ కనుమకు ఎగబాకుతుంది. దారిలో "ఇంజను వేడెక్కకుండా ఎయిర్ కండిషనర్ ఆపివేయండి" అని హెచ్చరించే బోర్డులు కనిపిస్తాయి. లాస్ ఏంజెలెస్ నుండి సెలవులకు ఆ వైపు వెళ్లే తెలుగు కుటుంబాలకు ఆ బోర్డులు కొత్త కావు.

అటువంటి ఎత్తులో రేడియేటరు పొగలు గ్రక్కితే తోటి ప్రయాణికులు తలకొక సలహా ఇస్తారు. "థర్మోస్టాట్ పీకివేయండి, నీరు ధారాళంగా తిరుగుతుంది" అంటారు ఒకరు. "అలా చేస్తే నీరు మరీ వేగంగా తిరిగి, వేడిని పట్టుకోవడానికి గాని వదలడానికి గాని దానికి సమయం చాలదు, ఇంజను ఇంకా వేడెక్కుతుంది" అంటారు మరొకరు. రెండవ మాట వినడానికి ఎంతో సబబుగా తోస్తుంది. అనుభవజ్ఞులైన మెకానిక్కులు సైతం దీనిని నమ్ముతారు. కాని భౌతిక శాస్త్రం ఈ మాటను అంగీకరించదు. నీరు నెమ్మదిగా పారితే ఇంజను ఎక్కువగా చల్లబడుతుందా, వేగంగా పారితేనా అన్న ప్రశ్నకు సరియైన సమాధానం తెలిసి ఉండటం ఎడారి రోడ్డు మీద ప్రాణావసరమైన విషయమే.

ఇంజనులో వేడి పాళ్ళు

పెట్రోలు దహనం వలన పుట్టిన శక్తిలో స్థూలంగా మూడింట ఒక వంతు మాత్రమే చక్రాలను త్రిప్పడానికి వినియోగపడుతుంది. మరొక వంతు పొగగొట్టం గుండా వెలుపలికి పోతుంది. మిగిలిన వంతును శీతలీకరణ వ్యవస్థ మోసుకొనిపోయి గాలిలో వదలాలి. సిలిండరులో మండే వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం 2000 డిగ్రీలను మించుతుంది. సిలిండరు తలను తయారు చేసే అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరిగిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య ఇంజనును కాపాడుతున్నది పలుచని లోహపు గోడకు ఆవలి వైపు పారుతున్న ద్రవమే.

తొలి కార్లలో ఈ పనిని నీరు ఆవిరి కావడం ద్వారా నెరవేర్చేవారు. 1888లో బెర్తా బెంజ్ తన భర్త నిర్మించిన కారులో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణం చేసినపుడు దారి పొడుగునా నీరు నింపుకోవలసి వచ్చింది. అనంతరం విల్‌హెల్మ్ మేబాఖ్ తేనెపట్టు రేడియేటరును రూపొందించాడు. దానితో, ఉన్న నీటినే పదే పదే త్రిప్పి గాలితో చల్లబరచే పద్ధతి స్థిరపడింది. 1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టి కార్లలో, తొలి కొద్ది వేల బండ్లను మినహాయిస్తే, నీటి పంపు కూడా ఉండేది కాదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోవడం, చల్లబడిన నీరు క్రిందికి దిగడం అనే సహజ సంవహనమే ప్రవాహాన్ని నడిపించేది. ఇంజన్ల శక్తి పెరిగిన కొద్దీ ఆ మంద ప్రవాహం చాలక పంపు తప్పనిసరి అయింది. ప్రవాహ వేగం పెరగడం అవసరమైనదనటానికి ఈ చరిత్రయే మొదటి సాక్ష్యం.

మోసుకొనిపోయే లెక్క

ద్రవం ఒక సెకనులో మోసే ఉష్ణం మూడు రాశుల లబ్ధం: సెకనుకు పారే ద్రవ్యరాశి, ఆ ద్రవపు విశిష్టోష్ణం, ప్రవేశ నిర్గమ స్థానాల మధ్య ఉష్ణోగ్రతా భేదం. ఒక కారు ఎత్తు ఎక్కుతున్నపుడు శీతలీకరణ వ్యవస్థ 50 కిలోవాట్ల వేడిని తీసివేయవలసి ఉన్నదనుకొందాం. ఇది 2 కిలోవాట్ల గీజర్లు 25 ఒకేసారి పనిచేసినంత వేడి. నీరు, గ్లైకాల్ సమభాగాల మిశ్రమపు విశిష్టోష్ణం కిలోగ్రాముకు, డిగ్రీకి సుమారు 3.5 కిలోజౌళ్లు.

సెకనుకు 2 కిలోగ్రాముల ద్రవం పారితే దాని ఉష్ణోగ్రత ఇంజనులో 7 డిగ్రీలు పెరుగుతుంది. ప్రవాహం సగమైతే పెరుగుదల 14 డిగ్రీలు. పావు వంతైతే 28 డిగ్రీలు. 90 డిగ్రీల వద్ద ఇంజనులో ప్రవేశించిన ద్రవం మొదటి సందర్భంలో 97 డిగ్రీల వద్ద, చివరి సందర్భంలో 118 డిగ్రీల వద్ద బయటికి వస్తుంది. మోయవలసిన బరువు మాత్రం మారలేదు. ప్రవాహం మందగించినపుడు ప్రతి కిలోగ్రాము ఎక్కువ వేడిని మోస్తున్న మాట నిజమే, అయితే అందుకు మూల్యంగా తానూ ఎక్కువ వేడెక్కుతున్నది. వేడెక్కిన ద్రవానికి, లోహానికి మధ్య ఉష్ణోగ్రతా భేదం తగ్గడం వలన లోహం ఇంకా వేడెక్కవలసి వస్తుంది.

గోడను అంటిపెట్టుకొన్న పొర

వేడి ముందుగా లోహం నుండి ద్రవంలోకి దాటాలి. పారే ద్రవంలో గోడను తాకే పొర దాదాపు కదలదు. దానికి ప్రక్కన ఉన్నది నెమ్మదిగా, ఇంకా ప్రక్కన ఉన్నది వేగంగా కదులుతుంది. 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాంటల్ ఈ సరిహద్దు పొర భావనను ప్రతిపాదించాడు. ఈ పొర ఇంజనుకు కప్పిన దుప్పటి వంటిది. అది ఎంత మందంగా ఉంటే వేడి అంత కష్టంగా దాటుతుంది.

అంతకు ముందే, 1883లో మాంచెస్టరులో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగు ధారను వదలి పరిశీలించాడు. నీరు మెల్లగా పారినంతసేపు ఆ రంగు దారపు పోగువలె నిటారుగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే అది చెదరి సుడులు తిరిగి నీరంతటా కలిసిపోయింది. మొదటిది స్తరీయ ప్రవాహం, రెండవది సంక్షుబ్ధ ప్రవాహం. వేగం, గొట్టపు వ్యాసం, ద్రవ సాంద్రతల లబ్ధాన్ని స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేది రేనాల్డ్స్ సంఖ్య. గొట్టాలలో ఇది సుమారు 2000 దాటిన తరువాత ప్రవాహం సంక్షుబ్ధ స్థితికి మారనారంభిస్తుంది. సంక్షోభంలో సుడులు సరిహద్దు పొరను పలుచబరుస్తాయి. గోడ దగ్గర వేడెక్కిన ద్రవం మధ్యకు, మధ్యనున్న చల్లని ద్రవం గోడ దగ్గరకు నిరంతరం చేరుతుంటాయి.

రేడియేటరు సన్న గొట్టాలకు ఈ లెక్కను అన్వయించవచ్చు. గొట్టపు సమాన వ్యాసం 3 మిల్లీమీటర్లు, వేడి మిశ్రమపు స్నిగ్ధత నీటికి రెట్టింపుకు పైన అనుకొంటే, సెకనుకు ఒక మీటరు వేగం వద్ద రేనాల్డ్స్ సంఖ్య సుమారు 4000 వస్తుంది. వేగం సగమైతే 2000. అనగా ప్రవాహం సగానికి తగ్గగానే సంక్షోభం అణగిపోయి, ఉష్ణ బదిలీ ఒక్కసారిగా దిగజారే ప్రమాదం ఉన్నది.

సంక్షుబ్ధ ప్రవాహంలో ఉష్ణ బదిలీ గుణకం వేగానికి 0.8 ఘాతంతో పెరుగుతుందని తెలిపే సూత్రం ఇంజనీరింగ్ విద్యార్థులందరికీ పరిచితమే. దానిని డిట్టస్, బోల్టర్ అను ఇరువురు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1930లో ప్రచురించారు. నేడు అణు విద్యుత్ కేంద్రాల వరకు వాడుకలో ఉన్న ఆ సూత్రం పుట్టినది కారు రేడియేటర్ల మీద జరిగిన అధ్యయనంలోనే. ఈ సూత్రం ప్రకారం వేగాన్ని రెండింతలు చేస్తే గుణకం 1.74 రెట్లవుతుంది. వేగం పెరిగితే గుణకం తగ్గే స్థితి ఆ సూత్రంలో ఎక్కడా లేదు.

"సమయం చాలదు" అనే వాదంలోని లోపం

వేడి కాఫీని చల్లార్చడానికి ఊదేవారెవరూ గాలి త్వరగా వెళ్లిపోతే వేడిని అందుకోలేదని తలచి మెల్లగా ఊదరు. గట్టిగా ఊదినకొద్దీ కాఫీ త్వరగా చల్లారుతుందని పసిపిల్లలకూ తెలుసు. కంటికి కనబడని చోట నీరు తిరుగుతున్నపుడు మాత్రం అదే మనిషి తర్కం తలక్రిందులవుతుంది.

లోపం ఎక్కడంటే, ఈ వాదం ఒక్క చుక్క నీటిని మాత్రమే వెంబడిస్తుంది. వేగం రెట్టింపైతే ఆ చుక్క రేడియేటరులో ఉండే సమయం సగమైన మాట నిజం. కాని అదే చుక్క నిమిషానికి రెండింతలు సార్లు రేడియేటరుకు వస్తుంది. మూసి ఉన్న వలయంలో ప్రవాహ వేగం ఎంతైనప్పటికీ, మొత్తం ద్రవంలో రేడియేటరు గొట్టాలలో ఉండే భాగం మారదు. కాబట్టి గంటసేపటి లెక్కలో ప్రతి చుక్కకూ లభించే సమయం ఒక్కటే.

ఈ అపోహకు ఊతమిచ్చే పరిశీలన మరొకటి ఉన్నది. నీరు నెమ్మదిగా పారినపుడు రేడియేటరు దిగువ గొట్టం చేతికి చల్లగా తగులుతుంది. వేడి బాగా పోతున్నదనిపిస్తుంది. సెకనుకు అర కిలోగ్రాము ద్రవం పారుతూ 20 డిగ్రీలు చల్లబడినదనుకొంటే, అది వదలిన వేడి 35 కిలోవాట్లు. సెకనుకు 2 కిలోగ్రాములు పారి 7 డిగ్రీలు మాత్రమే చల్లబడితే వదలిన వేడి 49 కిలోవాట్లు. ఎక్కువ చల్లబడిన ద్రవం తక్కువ వేడిని తీసివేసినది. ఎగువ గొట్టం సలసల కాగుతూ దిగువ గొట్టం బాగా చల్లగా ఉంటే అది ఆరోగ్య లక్షణం కాదు; పంపు గాని, రేడియేటరు గాని ప్రవాహాన్ని అడ్డుకొంటున్నదనటానికి సూచన.

మరి థర్మోస్టాట్ తీసివేస్తే ఏమవుతుంది?

థర్మోస్టాట్ తీసివేసిన కొన్ని కార్లు నిజంగానే వేడెక్కుతాయి. అనుభవం అబద్ధం కాదు. దానికి చెప్పే కారణమే తప్పు.

థర్మోస్టాట్‌లో ఒక చిన్న లోహపు గిన్నెలో మైనం ఉంటుంది. నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద, సాధారణంగా 80 నుండి 95 డిగ్రీల మధ్య, అది కరిగి వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. అనేక ఇంజన్లలో ఈ కవాటమే రెండవ వైపున ఉన్న పక్కదారిని మూస్తుంది. దానిని తీసివేస్తే పక్కదారి సదా తెరిచి ఉండి, వేడి ద్రవంలో కొంత భాగం రేడియేటరుకు పోకుండానే ఇంజనుకు తిరిగి వస్తుంది.

రెండవ కారణం పీడనం. థర్మోస్టాట్ ఇంజను నిర్గమ ద్వారం వద్ద ఉన్న రకాలలో దాని ఇరుకుదనం వలన, పంపు పుట్టించే పీడనం కొంత సిలిండరు తలలో నిలిచి ఉంటుంది. ఆ పీడనం స్థానికంగా మరుగు స్థానాన్ని పెంచుతుంది. అడ్డు తొలగితే పీడనం పడిపోయి వేడి చోట్ల ఆవిరి పుడుతుంది. మూడవది, మూత రేడియేటరు ఎగువ తొట్టి మీద ఉండే పాత నమూనాలలో ప్రవాహం మితిమీరినపుడు తొట్టిలో పీడనం పెరిగి, మూత తెరుచుకొని ద్రవం వెలుపలికి పోతుంది. వీటిలో ఏదీ "సమయం చాలకపోవడం" కాదు. పైగా థర్మోస్టాట్ లేని ఇంజను చలి రోజులలో తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది, త్వరగా అరిగిపోతుంది. కాబట్టి పాడైన థర్మోస్టాట్‌ను మార్చడమే ఉచితం, తీసివేయడం పరిష్కారం కాదు.

దోసె పెనం చెప్పే పాఠం

దోసె పోసే ముందు పెనం మీద నీళ్ళు చిలకరించడం ప్రతి తెలుగు ఇంటిలోనూ ఉన్నదే. పెనం తగినంత వేడిగా ఉంటే నీరు చుయ్యిమని ఆవిరైపోతుంది. మరీ వేడెక్కితే చుక్కలు ముత్యాలవలె ఉండలు కట్టి, ఆవిరి కాకుండా గంతులు వేస్తాయి. చుక్కకు, లోహానికి మధ్య ఏర్పడిన ఆవిరి పొర వేడిని అడ్డుకోవడమే దీనికి కారణం. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో ఈ విషయాన్ని వర్ణించాడు. వేడి లోహం మీద నీరు మరిగే దశలను 1934లో జపాన్ శాస్త్రజ్ఞుడు నుకియామా కొలిచి చూపాడు.

సిలిండరు తలలో ఎగ్జాస్టు కవాటాల పరిసరాలలో సరిగ్గా ఇదే జరుగుతుంది. అక్కడ గోడ మీద చిన్న బుడగలు పుట్టి, ద్రవంలో కలిసి అణగిపోవడం మేలు చేస్తుంది. నీటి గుప్తోష్ణం కిలోగ్రాముకు 2257 కిలోజౌళ్లు కావడం వలన ప్రతి బుడగ ఎంతో వేడిని ఎత్తుకుపోతుంది. కాని బుడగలను ఊడ్చివేయడానికి ప్రవాహ వేగం చాలకపోతే అవి కలిసిపోయి ఆవిరి దుప్పటిగా మారతాయి. ఆ క్షణం నుండి లోహం నీటి మధ్యలో ఉండి కూడా ఒంటరిదవుతుంది. సిలిండరు తల వంకరపోవడం, గాస్కెట్ కాలిపోవడం, పగుళ్ళు ఏర్పడటం దీని పర్యవసానాలే. ద్రవం చాలినంత ఉన్నా, ప్రవాహం లేకపోవడం వలన ఇంజన్లు చెడిపోయేది ఈ విధంగానే.

వేగానికి గల హద్దులు

అలాగని ప్రవాహాన్ని ఎంతైనా పెంచుకుంటూ పోవడం కూడా వివేకం కాదు. పంపు ప్రవాహాన్ని రెండింతలు చేయాలంటే దానికి ఎనిమిదింతల శక్తి కావాలి. లభించే ప్రయోజనమో అంతకంతకూ తగ్గిపోతుంది. దీనికి కారణం రేడియేటరుకు ఆవలి వైపున ఉన్న గాలి.

ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి గ్రహించే ఉష్ణం ఒక లీటరు గాలి గ్రహించే దానికి దాదాపు 3500 రెట్లు. రేడియేటరుకు అన్ని రెక్కలు అమర్చేది గాలి యొక్క ఈ బలహీనతను పూరించడానికే. వేడి ప్రయాణానికి కలిగే మొత్తం ఆటంకం 100 పాళ్ళనుకొని, అందులో గాలి వైపు 80, లోహానిది 2, ద్రవం వైపు 18 అనుకొందాం. ద్రవ వేగం రెట్టింపైతే 18 కాస్తా 10కి తగ్గుతుంది. మొత్తం 92 అవుతుంది. లాభం సుమారు 8 శాతం, ఖర్చు ఎనిమిది రెట్లు. ఇంతేగాక మితిమీరిన వేగం పంపు రెక్కల వెనుక పీడనాన్ని తగ్గించి ఆవిరి గుంటలను సృష్టిస్తుంది. అవి కూలినపుడు లోహాన్ని తొలుస్తాయి.

డెత్ వ్యాలీ ఎత్తులో ఇంజను ఎందుకు తడబడుతుందో ఇపుడు స్పష్టమవుతుంది. గాలి ముందే 45 డిగ్రీల వేడిలో ఉన్నందున ఉష్ణోగ్రతా భేదం తక్కువ. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలుచబడుతుంది. ఎయిర్ కండిషనర్ తన వేడిని కూడా రేడియేటరు ముందే క్రుమ్మరిస్తుంది. అందువలన అక్కడ ముందుగా ఆపవలసినది ఎయిర్ కండిషనర్.

ద్రవంలోని రసాయనం

శుద్ధమైన నీరు ఉష్ణాన్ని మోయడంలో సాటిలేనిది. కాని అది 0 డిగ్రీల వద్ద గడ్డకట్టి ఇంజనును పగులగొడుతుంది, లోహాలను త్రుప్పు పట్టిస్తుంది. సమభాగాల ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. ఒక అట్మాస్ఫియర్ అదనపు పీడనమిచ్చే మూతతో సుమారు 129 డిగ్రీల వరకు మరగదు. అయితే గ్లైకాల్ విశిష్టోష్ణాన్ని తగ్గించి, స్నిగ్ధతను పెంచుతుంది. "మంచిదే కదా" అని గ్లైకాల్ పాలు పెంచితే శీతలీకరణ క్షీణిస్తుంది. అంతేకాదు, శుద్ధ గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది.

కాలక్రమంలో గ్లైకాల్ ఆక్సీకరణం చెంది ఆమ్లాలుగా మారుతుంది. త్రుప్పును నిరోధించే పదార్థాలు హరించుకుపోతాయి. కఠిన జలం పోస్తే కాల్షియం కార్బొనేట్ పెచ్చు కడుతుంది. వేణ్ణీళ్ళు కాచే గుండిగ అడుగున పేరుకొనే తెల్లని పదార్థం ఇదే. ఒక మిల్లీమీటరు పెచ్చు, వేడిని అడ్డుకోవడంలో, సుమారు 25 మిల్లీమీటర్ల పోత ఇనుముకు సమానం. కాబట్టి స్వేదన జలాన్నే వాడాలి, తయారీదారు చెప్పిన గడువు ప్రకారం ద్రవాన్ని మార్చాలి. రంగును మాత్రమే చూసి వేర్వేరు రకాలను కలపరాదు.

ఈ ద్రవం తియ్యగా ఉంటుంది, తీవ్రమైన విషం. శరీరంలో ఇది గ్లైకాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలుగా మారి మూత్రపిండాలను నాశనం చేస్తుంది. గరాజ్‌లో ఒలికిన గుక్కెడు ద్రవం పసిబిడ్డకు గాని, పెంపుడు కుక్కకు గాని ప్రాణాంతకం కావచ్చు. 1997లో అమెరికాలో ఆమోదం పొందిన ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉన్నది. అయితే అది సకాలంలో ఆసుపత్రికి చేరినవారికే ఉపకరిస్తుంది.

దారిలో ఇంజను వేడెక్కినపుడు

ఉష్ణోగ్రతా సూచిక ముల్లు పైకి ఎగబ్రాకుతుండగానే ఎయిర్ కండిషనర్ ఆపి, కారు లోపలి హీటరును పూర్తిగా తెరవాలి. ఎండలో అది శిక్షవలె తోచినా, హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. వేగం తగ్గించి, సురక్షితమైన చోట ఆగాలి. ముల్లు ఎర్ర గీతను తాకితే ఇంజనును ఆపివేయాలి.

వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితులలోను తీయరాదు. రెండు అట్మాస్ఫియర్ల పీడనంలో 120 డిగ్రీల వద్ద ఉన్న ఒక లీటరు నీటి మీద మూత తీస్తే, దానిలో సుమారు 37 గ్రాములు తత్‌క్షణం ఆవిరవుతాయి. ఆ ఆవిరి ఆక్రమించే చోటు 60 లీటర్లకు పైన. అది తనతో మరుగుతున్న నీటిని కూడా ముఖం మీదకు చిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారే వరకు వేచి ఉండటమే క్షేమం. తాగునీరు సమృద్ధిగా వెంట ఉంచుకోవడం, ఎడారిలో కారును వదలి నడిచిపోకుండా ఉండటం ఇంజను కంటె ముఖ్యమైనవి.

2009లో వెలువడిన మూడవ తరం టొయోటా ప్రియస్‌లో పంపును బెల్టుతో కాక విద్యుత్తుతో త్రిప్పారు. దానివలన ఇంజను వేగంతో నిమిత్తం లేకుండా ప్రవాహాన్ని అవసరాన్ని బట్టి మార్చే వీలు కలిగింది. నేటి విద్యుత్ కార్లలో ఇంజను లేకపోయినా బ్యాటరీలోని తొలి కణానికి, చివరి కణానికి మధ్య ఉష్ణోగ్రతా భేదం పెరగకుండా ప్రవాహ వేగాన్ని నిర్ణయించేది పైన చెప్పిన లెక్కయే. వాహనాలు మారినప్పటికీ రేనాల్డ్స్ గాజు గొట్టంలో కనిపించిన సత్యం మారలేదు. పారే ద్రవమే వేడిని తొలగిస్తుంది. అది మందగించిన చోట వేడి నిలిచిపోతుంది.